నలభై ముగ్గురు తండ్రుల సంతకం

కొత్తగా హెడ్మాస్టర్లయిన వాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఇంత సర్వీసు చేశారు కదా సార్, మాకేమైనా సలహా చెప్పండి" అంటారు. నేను ఒక్కటే చెబుతాను. ఏ కాగితంలోనూ అవసరం లేని గడి గీయకండి. ఇంకేమైనా చెబుతానేమోనని వాళ్లు కాసేపు చూసి, టీ తాగి వెళ్లిపోతారు. ఆ ఒక్క ముక్క నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పేంత ఓపిక నాకు, వినేంత తీరిక వాళ్లకు ఉండవు. అందుకే రాసి పెడుతున్నాను.

నేను గణితం చెప్పేవాణ్ని. నా ఉద్యోగమంతా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఉన్న త్రిభుజంలోనే గడిచింది. బదిలీ అయిన ప్రతిసారీ ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి జరిగేవాణ్ని, అంతే. చివరి పోస్టింగు కోదాడకు దగ్గర్లో ఒక ఊరి హైస్కూలు. ఊరి పేరు చెప్పను. అక్కడి వాళ్లకు ఎలాగూ తెలుసు, మిగతావాళ్లకు అవసరం లేదు.

రాష్ట్రం రెండు కావడానికి ఇంకా రెండు మూడేళ్లు ఉంది. వరికోతలు అయిపోయిన రోజుల్లో ఒక ఉదయం ట్రాలీ ఆటోలో మా బడికి ఆరు అట్టపెట్టెలు వచ్చాయి. వాటి వెంట ఒక ఉత్తర్వు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలి.

మా అటెండరు మొదటి పెట్టె మీద రాసింది చదివాడు. రెండో పెట్టె మీద ఏముందో చదవకుండానే ఆరింటినీ నా గదిలో మూలకు చేర్చి, వాటి మీద గుడ్డతో చేసిన పాత భారతదేశం పటం తెచ్చి కప్పాడు. కశ్మీరు పైపెట్టె మీద, కన్యాకుమారి నేల మీద. నేను వద్దనలేదు. పది రోజులు దేశం అలాగే ఉంది.

పటం కప్పినంత మాత్రాన ఆగే విషయం కాదది. ట్రాలీ ఆటో అతను బడికి రాకముందే హోటల్ దగ్గర టీ తాగాడు. పెట్టెల కంటే ముందు కబురు ఊళ్లోకి చేరింది. సాయంత్రానికి హోటల్ బెంచీల మీద చర్చ మొదలైంది.

"బడికి గోడ లేదు. బోరు లేదు. ఇయ్యేందుకు వాళ్లకు ఇవ్వే దొరికినయా?"

"ఇంట్ల సంగతి బడిల పెట్టుడేంది? రేపు పొయ్యికాడికి గూడ వస్తరు."

ఈ రెండో మాట అన్నది మా బడి కమిటీ చైర్మన్. ఊళ్లో ఎరువుల దుకాణం ఆయనదే. పక్కనే ఇనుప సామాన్ల కొట్టు కూడా ఉంది. ఆయన కూతురు మా దగ్గర ఎనిమిదో తరగతి. ఆయన మాటకు ఊళ్లో విలువ ఉంది. యూరియా వచ్చే నెలల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది.

బడిలో మాత్రం ఈ విషయం గురించి మాట్లాడిన మనిషి ఒక్కరే, మా జీవశాస్త్రం మేడం. మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మాట్లాడేది తక్కువ. మాట్లాడితే చాలావరకు ప్రశ్నే.

"సార్, ఆ పెట్టెలు నాకిచ్చెయ్యండి. ల్యాబ్‌ల బీరువా ఖాళీగ ఉంది. ఎవరికి కావాలంటే వాళ్లు వచ్చి తీసుకుంటరు. అయిపోతది."

"అట్ల ఇస్తే ఎవరికి ఇచ్చినమో కాగితం ఉండాలె గదా మేడం?"

"ఎవరికి చూపియ్యాలె సార్?"

జవాబు లేనప్పుడు హెడ్మాస్టరు చేసే పనే చేశాను. కాగితం తయారు చేశాను.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఏ వస్తువుకైనా మా బడిలో ఒకే పట్టిక ఉండేది. వరుస సంఖ్య, విద్యార్థి పేరు, తరగతి, తండ్రి పేరు, తండ్రి సంతకం. పాఠ్యపుస్తకాలైనా, యూనిఫాం గుడ్డయినా అదే పట్టిక. కంప్యూటర్లో పై వరుస మారిస్తే చాలు. "పాఠ్యపుస్తకములు అందినట్లు" అన్నది చెరిపి, "శానిటరీ న్యాప్‌కిన్లు అందినట్లు" అని పెద్ద అక్షరాల్లో కొట్టాను. కొంచెం గుండ్రంగా తిప్పి "ఆరోగ్య సామగ్రి" అని రాసి ఉండవచ్చు. కానీ నేను లెక్కల మనిషిని. ఎక్స్ విలువ కనుక్కున్నాక రాయకుండా వదిలేయడం నాకు చేతకాదు. కింద నలభై మూడు మంది ఆడపిల్లల పేర్లు, ఎదురుగా నలభై మూడు ఖాళీ గడులు. తండ్రి సంతకానికి.

ఇక్కడ నా ఇంకో ఘనత గురించి కూడా చెప్పాలి. ఆ ఊళ్లో అందరూ చదవడం, రాయడం నేర్చేసుకున్నారని నేను చేరకముందే ఒక కాగితం పైకి వెళ్లి ఉంది. ఆ కాగితాన్ని గౌరవించి, బడి పత్రాల మీద వేలిముద్రలు కనిపించకూడదని నేను చేరిన మొదటి నెలలోనే ప్రార్థన దగ్గర ప్రకటించాను. "మీ నాయనలకు మీరే సంతకం నేర్పండి" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మా బడిలో ఒక్క వేలిముద్ర కూడా పడలేదు. దాన్ని నేను విద్యావ్యాప్తి అనుకున్నాను.

పట్టికను తొమ్మిదో తరగతి లీడరు చేతికిచ్చాను. గొర్రెలు కాసుకునే వాళ్ల అమ్మాయి. వాళ్లింట్లో తొమ్మిది దాకా వచ్చిన మొదటి మనిషి. చేతిరాత పోటీలో రెండేళ్లు వరుసగా మొదటి బహుమతి ఆమెదే, ఇచ్చింది నేనే. ఇంటింటికీ తిరిగి సంతకాలు తెమ్మన్నాను. శుక్రవారం ఇస్తే సోమవారం తెచ్చింది. నలభై మూడింటికి నలభై మూడూ నిండి ఉన్నాయి.

పాఠ్యపుస్తకాలకు సంతకాలు రావడానికి మూడు వారాలు పట్టింది, అటెండరు నాలుగుసార్లు ఊరు తిరిగాడు. ప్యాడ్లకు మూడు రోజులు. అనుమానించాల్సిన చోట ఆనందించాను. మేడంకు పెట్టెలు అప్పజెప్పి, పటాన్ని మళ్లీ గోడకు తగిలించి, పట్టిక తీసుకుని సూర్యాపేటలో హెడ్మాస్టర్ల సమావేశానికి వెళ్లాను.

అక్కడ పరిస్థితి దయనీయంగా ఉంది. ఒకాయన పెట్టెలు ఇంకా విప్పలేదు. ఒకాయన పదో తరగతి ప్రశ్నపత్రాల్లా లక్క సీలు వేసి లోపల పెట్టాడు. ఒకాయన తల్లిదండ్రులు గొడవ చేస్తారని తిప్పి పంపే ఆలోచనలో ఉన్నాడు. నేను లేచి, పెద్దగా ఏం కాదన్నట్టు, పట్టికను మా పై అధికారి ముందు పెట్టాను.

ఆయన ఉత్సాహవంతుడు. సభలన్నా, బ్యానర్లన్నా ప్రాణం. పట్టికను పైనుంచి కిందికి చదివి, ఒక సంతకం దగ్గర ఆగారు.

"ఇంత అందమైన దస్తూరి ఎవరిదండీ?"

"గొర్రెలు కాసే ఆయనది సార్. మా లీడరు వాళ్ల నాన్న."

"గొర్రెల కాపరి! చూశారా?" అని అందరికీ చూపించారు. "వచ్చే మంగళవారం నేనే వస్తాను. ఈ తండ్రులకు సన్మానం చేద్దాం. మొదటి శాలువా ఈయనకే."

నేను కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా ఏళ్లకు, నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను. ఆ ప్రయాణం గంటకు మించి ఉండదు.

మర్నాడు మేడం మొదటిసారి ఆ పట్టిక చూశారు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"సార్, మన ఊరి తండ్రులందరు ఒక్క సారు దగ్గరనే చదువుకున్నరా?"

"ఎందుకు మేడం?"

"అందరి 'య' ఒక్క తీరుగనే ఉంది. ఈ అమ్మాయి వాళ్ల నాన్న కోతలైనప్పటి నుంచి మందతోని త్రిపురారం దిక్కు ఉన్నడు. సంతకం పెట్టనీకె వచ్చి పోయిండా?"

మళ్లీ చూశాను. 'య' చివర పైకి లేచే ఆ చిన్న వంపు నాకు బాగా తెలుసు. దానికే రెండుసార్లు మొదటి బహుమతి ఇచ్చాను.

లీడరును పిలిపించాం. ఆ పిల్ల ఏడవలేదు, బుకాయించలేదు. "అన్ని నేనే పెట్టిన సార్" అంది.

"అందరివి?"

"అందరివి. పుస్తకాలప్పుడు ఇరవై దాక పెట్టిన. ఇప్పుడు అందరు నన్నే పెట్టమన్నరు. ఈ కాగితం నాయినలకు ఎట్ల చూపిస్తరు సార్? మీరే చెప్పిన్రు గదా, ఏలిముద్ర వద్దని."

ఒక సంతకం ఎడమవైపుకు వాలి ఉంది. అదేమిటని అడిగాను.

"వాళ్ల నాయినది ఎడమ చెయ్యి సార్."

అలాంటి శ్రద్ధ నా ఉద్యోగంలో నేను తక్కువ చూశాను. ఆ మాట అనకూడని సమయం కాబట్టి అనలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "సార్, టీసీ ఇస్తరా? బడి బందయితే మా నాయిన నన్ను మళ్ల ఏ బడికి పంపడు."

ఆ భయానికి కారణం ఉంది. రెండేళ్ల కింద ఒక పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తనే పెట్టుకుంటే, క్రమశిక్షణ అంటే ఏమిటో ఊరికి చూపించాలని టీసీ చేతికిచ్చి పంపాను. వాడు చైర్మన్ తమ్ముడి కొడుకు. ఆ రోజు నుంచి చైర్మన్ నాకు నమస్కారం పెట్టేవాడు గానీ, చేతులు పూర్తిగా కలిపేవాడు కాదు. ఒక సంతకానికి టీసీ అయితే నలభై మూడింటికి ఎన్ని? లెక్క నాకు వచ్చు. చేయాలని అనిపించలేదు.

పై అధికారికి నిజం చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఆలోచిస్తుంటే రెండు రోజులు అయిపోయాయి. ఆదివారం వచ్చింది. మొదట శాలువా కప్పించుకోబోయే మనిషికైనా సంగతి తెలియాలి కదా అని మేడం అన్నారు. మిర్యాలగూడ వెళ్లి, అక్కడి నుంచి ఇంకో బస్సెక్కి త్రిపురారంలో దిగి, కాలువగట్టు వెంట నడిచాను. కోసిన వరిమళ్లలో మంద కనిపించింది. లీడరు తండ్రి గొంగడి భుజాన వేసుకుని, ఒక గొర్రెను ఒళ్లో వెల్లకిలా పట్టుకుని, దాని గిట్టలో ముల్లు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, గొర్రె ఉంది కాబట్టి ఆగిపోయాడు.

"సారూ, గింత దూరం వచ్చిన్రు. పిల్ల కావాల్నా? నెల గొర్రెపిల్ల ఒకటి ఉన్నది, మంచిది."

పిల్ల సంగతే గానీ ఈ పిల్ల కాదు అని, గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ప్యాడ్ల గురించి చెప్పేటప్పుడు కాలువ వైపు చూస్తూ చెప్పాను. అతను గొర్రె కాలు వైపు చూస్తూ విన్నాడు. ముల్లు వచ్చింది. గొర్రెను వదిలాడు.

"కాగితం తెచ్చిన్రా?"

చూపించాను. తన సంతకం ఎక్కడుందని అడిగాడు. వేలితో చూపిస్తే చాలాసేపు చూశాడు.

"నా పేరు ఇంత పొడుగుంటదా సారూ?"

"ఇంటిపేరుతోని కలిపి."

"మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత మంద వైపు తిరిగాడు. "ఇండ్ల నూట ఇరవై గొర్లున్నయ్. ఏది సూలు మీదున్నదో, ఏది ఎప్పుడు ఈనుతదో అడుగున్రి, చెప్త. నా బిడ్డ సంగతి నాకు ఒక్కలు చెప్పలే. నెలకు మూడు రోజులు బడికి పోకపోతే, అవ్వకు పానం బాగలేదేమో, ఇంట్ల పని చేస్తుందేమో అనుకుంటి."

హాజరు పట్టీలో ఆ మూడు రోజులకు నేను కూడా 'అవ్వకు జ్వరం' అనే చదువుకునేవాణ్ని. ఆ ఊళ్లో అవ్వలు క్రమం తప్పకుండా జ్వరపడేవారు.

"మంగళారం వస్తే ఏం చేస్తరు?"

"శాలువా కప్పుతరు. అంతే."

"సంతకం పెట్టమనరు గదా?"

"పెట్టమనరు" అని గట్టిగా హామీ ఇచ్చాను.

"సరే, మందను మా తమ్మునికి అప్పజెప్పి వస్త." బిడ్డను ఏం చేస్తాడో చెప్పలేదు. నేను అడగలేదు. తిరుగు బస్సులో అడిగి ఉండాల్సిందనుకున్నాను.

మంగళవారం బడి ముందు షామియానా వేశాం. తండ్రులకు కుర్చీలు, తల్లులకు జంపఖానాలు, ముందు వరుసల్లో పిల్లలు. సన్మానం అనే మాట విన్నారు కాబట్టి తండ్రులు దాదాపు అందరూ వచ్చారు. దేనికి సన్మానమో ఎవరూ అడగలేదు. ఉచితంగా వచ్చేదాన్ని కారణం అడగకుండా తీసుకోవడంలో ఆ రోజు పెద్దవాళ్లకు అభ్యంతరం కనిపించలేదు.

అధికారి వచ్చారు. కారులోంచి వాళ్ల మనుషులు ఒక పొడవాటి తెల్లగుడ్డ దించి వేదిక మీద కట్టారు. పైన "మా ఆడపిల్లలకు మా అండ" అని రాసి ఉంది. కింద అంతా ఖాళీ. "తండ్రులు ఒక్కొక్కరుగా దీని మీద సంతకం పెడతారు" అన్నారు నాతో, సంబరంగా. నా కాళ్ల కింద వేదిక కొంచెం జరిగినట్టయింది. చెక్క బల్లలు, జరిగే ఉండవచ్చు.

"ఈ ఊరి తండ్రులకు నమస్కారం" అని మొదలుపెట్టారాయన. "తమ కూతుళ్లకు బడిలో శానిటరీ ప్యాడ్లు ఇవ్వడానికి నలభై ముగ్గురికి నలభై ముగ్గురూ సంతకం పెట్టిన ఊరు ఇంకొకటి నేను చూడలేదు."

తండ్రులు చప్పట్లు కొట్టారు. తర్వాత దేనికి కొట్టామో పక్కవాళ్లను అడిగారు.

మొదటి శాలువాకు లీడరు తండ్రిని పిలిచారు. గొంగడితోనే వచ్చాడు. శాలువా గొంగడి పైన కప్పాలా, కింద కప్పాలా అని అధికారి ఒక్క క్షణం తటపటాయించి పైనే కప్పారు. చేతికి లావుపాటి మార్కర్ ఇచ్చి బ్యానర్ చూపించారు. అతను మార్కర్ పట్టుకుని నా వైపు చూశాడు. పెట్టమనరని హామీ ఇచ్చిన మనిషిని ఎలా చూడాలో అలాగే చూశాడు.

"ఆయనకు సంతకం రాదు సార్" అని కుర్చీల్లోంచి చైర్మన్ గొంతు వినిపించింది.

ఆ వెంటే లేచి నిలబడ్డాడు. "ఆయనకే గాదు, ఈడ కూసున్నోళ్లల్ల సగం మందికి రాదు. నాకొస్తది గాని, నేను పెట్టలే. ఆ కాగితం ఒకసారి చూపెట్టున్రి."

కాగితం చేతులు మారుతూ ఆయన దగ్గరికి చేరింది. "ఇది నా పేరే. సంతకం నాది గాదు. నేను ఇంత మంచిగ రాయ."

అధికారి నా వైపు తిరిగారు. నేను లేచాను. ఏం చెప్పాలో ఆలోచించుకుని లేస్తే బాగుండేది.

"తప్పు నాది సార్" అన్నాను. "ఆ కాగితంల తండ్రి సంతకం గడి అక్కర్లేదు. నేనే పెట్టిన. ఆడపిల్లలు ఆ కాగితం నాయినలకు చూపియ్యలేరని నాకు తట్టలే. ఏలిముద్ర వద్దన్నది గూడ నేనే."

"గడి మీరు పెట్టిన్రు. బాగుంది. సంతకం ఎవరు పెట్టిన్రు?" అన్నాడు చైర్మన్. "మా పిలగానికి ఒక్క సంతకానికి టీసీ ఇచ్చిన్రు గదా సార్. దీనికేం ఇస్తరు?"

న్యాయమైన ప్రశ్న. ముందు వరుసలో లీడరు లేచి నిలబడింది.

"ఆగు బిడ్డా. కూసో" అన్నాడు వేదిక మీద నుంచి తండ్రి. అధికారి, పాపం, మైకు తెచ్చి అతని నోటి దగ్గర పట్టుకున్నారు. అతను చైర్మన్ వైపు తిరిగాడు.

"పటేలా, నాకు సంతకం రాదు, నిజమే. నా సంతకం నా బిడ్డ కాడ ఉన్నది. ఆరో తరగతిల ఇచ్చిన."

"ఇచ్చుడేందయ్యా? అదేమన్న గొర్రెనా?"

"గొర్రె సంగతే చెప్త విను. నా మందల ప్రతి గొర్రెకు చెవు కోసి గుర్తు పెడ్త. నేను లేనప్పుడు మా తమ్ముడు కోస్తడు. కోసింది వాడైనా, గుర్తు నాదే. ఎవ్వడన్న కాదంటడా? ఇది గూడ గంతే. పెట్టింది నా బిడ్డ, సంతకం నాది. ఆ కాగితం మీద ఏం రాసుందో చదివించుకున్న. దానికి గూడ నాదే."

చదివించుకున్నది మొన్న ఆదివారమని అతను చెప్పలేదు. నేనూ గుర్తు చేయలేదు.

చైర్మన్ చేతిలోని కాగితం ఎత్తి చూపించాడు. "నీది నువ్వు ఇచ్చుకున్నవ్. మంచిది. నాది నేను ఎవ్వలకు ఇయ్యలే గదా?"

"నేనిచ్చిన."

గొంతు జంపఖానా మీద నుంచి వచ్చింది. ఆయన భార్య. కొంగు సర్దుకుంటూ కూర్చునే మాట్లాడింది.

"నువ్విచ్చుడేందే?"

"నేనే ఆ పిల్లను పెట్టమన్న. నిన్ను అడిగితే లొల్లి చేస్తవని అడగలే. యూరియా వచ్చినప్పుడు రైతుల సంతకాలన్ని నువ్వు కౌంటర్ల కూసోని పెడ్తవ్ గదా, నిన్నెవరన్న టీసీ ఇచ్చి పంపిన్రా? జర కూసో."

షామియానా కింద మొదట తల్లులు నవ్వారు. తర్వాత కుర్చీల్లో ఉన్న రైతులు నవ్వారు, వాళ్ల నవ్వులో పాత బాకీ ఏదో ఉంది. నవ్వు తగ్గేలోపే, "మా ఆయనది నేనిచ్చిన" అని ఒకామె, "మాది గూడ" అని ఇంకొకామె. అందులో ఎన్ని నిజమో నేను విచారించలేదు. విచారించమని నాకు ఏ ఉత్తర్వూ రాలేదు.

"సంతకాల సంగతి ఇడిసిపెట్టు" అన్నాడు చైర్మన్, నిలబడే. "అసలు ఇవి బడిల ఎందుకియ్యాలె? మా అమ్మలకు, అక్కలకు ఎవరిచ్చిన్రు? వాళ్లు బతకలేదా?"

హోటల్ బెంచీల మీద రెండు వారాలకు పైగా నడిచిన చర్చ అప్పుడు బడిలోకి వచ్చింది. తేడా ఒక్కటే. హోటల్లో ఆడవాళ్లు లేరు.

"బతికినం" అంది వెనక వరుసలో ఒక నడివయసు తల్లి. "నెలకు నాలుగొద్దులు బడి ఎగ్గొట్టుకుంట బతికినం. గట్ల ఎగ్గొట్టి ఎగ్గొట్టి ఆరో తరగతిలనే ఆగినం. వచ్చిన అచ్చరాలు గూడ మరిచిపోయి నీ దుకాణంల ఏలిముద్ర ఏస్తున్నం."

"ఇయ్యాల ఇస్తరు, రేపు బంద్ పెడ్తరు" అన్నాడు ఒక తండ్రి. "పిల్లలకు అలవాటైనంక నెలనెలా కొనాలంటే మా వల్ల అయితదా?"

ఇది గట్టి ప్రశ్నే. మేడం లేచారు.

"పుస్తకాలు గూడ రేపు బంద్ పెట్టొచ్చు గదా అన్నా. అందుకని ఇయ్యాల చదువుకోవద్దంటమా? బంద్ పెడితే మళ్ల ఇట్లనే సభ పెట్టి అడుగుదాం. ఇప్పుడు అడుగుడు వచ్చింది గదా అందరికి."

"అవన్ని మంచిగనే ఉన్నయ్ గాని సారూ" అంది చైర్మన్ భార్య, ఈసారి నా వైపు తిరిగి. "యాడ మార్చుకోవాలె? ఆడపిల్లల రూముకు గొళ్లెం లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకోని నిలవడాలె. నా బిడ్డ చెప్పింది."

మూడేళ్లుగా ఆ బడికి హెడ్మాస్టర్ని. పట్టికలో నలభై మూడు గడులు కొలిచి గీసిన వాణ్ని. ఆ తలుపుకు గొళ్లెం లేదని నాకు తెలియదు. ఆ వైపు వెళ్లకపోవడం మర్యాద అనుకున్నాను.

ముందుగా మాట్లాడింది చైర్మనే. మనిషి వ్యాపారం చేసినవాడు, ఎక్కడ ఒప్పుకుంటే గౌరవంగా ఉంటుందో తెలిసినవాడు.

"గొళ్లెం నేనిస్త" అన్నాడు. "కొట్ల ఉన్నది. రెండిస్త. లోపటికొకటి, బయటికొకటి." కొంచెం ఆగి, "నీళ్ల డ్రమ్ము గూడ" అన్నాడు. తల్లులు చప్పట్లు కొట్టారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, సభను తనే ఏర్పాటు చేసినంత నిమ్మళంగా.

వేదిక మీద లీడరు తండ్రి ఇంకా మార్కర్ పట్టుకునే ఉన్నాడు. "రా బిడ్డా" అన్నాడు. "నా సంతకం పెట్టు. మన సారు మీది పెద్దసారు చూస్తుండు, మంచిగ పెట్టు."

ఆ పిల్ల వచ్చి, అంత మంది ముందు, తెల్లగుడ్డ మీద తండ్రి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. 'య' వంపు పైకి లేచింది. తర్వాత తండ్రులు వచ్చారు. సంతకం వచ్చినవాళ్లు రాశారు, రానివాళ్లు కూతుళ్లను పిలిచారు. చివర్లో చైర్మన్ వచ్చి స్వయంగా సంతకం చేసి, "ఇది నేనే పెట్టిన, అందరు చూడున్రి" అన్నాడు. చూశాం. పట్టికలో ఉన్నదే బాగుంది.

అధికారి కారెక్కుతూ నన్ను పక్కకు పిలిచారు. ఆయన అమాయకుడని అప్పటిదాకా అనుకున్నాను.

"ఆ గడి..." అన్నారు.

"తీసేస్తాను సార్."

"టీసీ..."

"ఎవరికీ ఇవ్వను సార్. రెండేళ్ల కింద ఇచ్చింది కూడా ఇవ్వకుండా ఉండాల్సింది."

మర్నాడు చైర్మన్ కొట్టుకు వెళ్లి ఆ మాటే ఆయనతోనూ చెప్పాను. "వాడు కోదాడల మంచిగనే సదువుతుండు లెండి సార్" అన్నాడు. లేచేటప్పుడు చేతులు పూర్తిగా కలిపాడు.

ప్యాడ్లు పెట్టెల్లోంచి ల్యాబ్ బీరువాలోకి వెళ్లాయి. కాగితం లేదు, గడులు లేవు. ఎవరికి కావాలంటే వాళ్లు వచ్చి తీసుకుంటారు. మేడం మొదటిరోజు అడిగిన పద్ధతే. మూడు వారాలు, ఒక త్రిపురారం ప్రయాణం, ఒక షామియానా తర్వాత అందరం కలిసి ఆమె చెప్పిన చోటికే చేరాం. ఆమె ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. అప్పుడప్పుడు నా వైపు చూసేవారు, అంతే. ఊరి అవ్వల ఆరోగ్యం కూడా ఆ ఏడాది చాలా మెరుగుపడింది.

వేలిముద్ర వేయవచ్చని ప్రార్థన దగ్గర మళ్లీ ప్రకటించాను. ఈసారి చప్పట్లు రాలేదు.

తర్వాతి జూన్ నా ఉద్యోగంలో చివరి జూన్. పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పుస్తకాల పట్టికలో తండ్రి గడి అలాగే ఉంది. పదో తరగతి జాబితా ముందు పెట్టుకుని నేనూ మేడం సరిచూస్తున్నాం. సంతకాలు, వేలిముద్రలు కలిసి మెలిసి ఉన్నాయి. లీడరు పేరు దగ్గర మేడం వేలు ఆగింది.

ఆ గడిలో ఒక సంతకం ఉంది. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంటిపేరు గడి దాటి పక్క పిల్ల గడిలోకి వెళ్లింది. ఒక ఒత్తు తప్పిపోయింది. 'య' చివర వంపు లేచి, ఎక్కడ ఆగాలో తెలియక పై గీత దాకా వెళ్లింది. పెన్ను గట్టిగా ఒత్తడం వల్ల కాగితం రెండు చోట్ల చిరిగింది.

"సార్" అన్నారు మేడం, "ఇది పాత సంతకంతోని కలుస్తలేదు."

నిబంధన ప్రకారం తిప్పి పంపాలి. నేను పెన్ను తీసి, పక్కన "సరిచూడబడినది" అని రాసి, కింద నా సంతకం పెట్టాను.